సర్ రొనాల్డ్ రాస్: తుప్పు పట్టిన సూక్ష్మదర్శిని



మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి ఒళ్ళు వణకడం, రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకోవడం, కాసేపటికి ఒళ్ళు పెనంలా కాలిపోవడం, ఆ తరువాత చెమటలు కారి మనిషి నీరసంగా నిద్రపోవడం, మళ్ళీ రోజు విడిచి రోజు అదే తంతు. ఇవి చూడగానే మన పెద్దవాళ్ళు పేరు పెట్టేసేవారు: చలిజ్వరం. కొండల పక్క ఊళ్ళలో మన్యం జ్వరం అనేవారు. రావికమతం, కొత్తకోట వైపు కుటుంబాలకు దీని సంగతి నేను చెప్పనక్కరలేదు. మొన్న 2022 వరకు విశాఖ జిల్లాలో ఉండి, ఆ ఏడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలానికి ఒక పక్క పొలాలు, ఇంకొక పక్క కళ్యాణపులోవ మీదుగా కొండలు. కొండవాగుల ఒడ్డున ఉండే గూడేలకు ఈ జ్వరం పాత చుట్టం.

జ్వరం తగిలిందని తెలిస్తే ఆరోగ్య కార్యకర్త వస్తుంది. వేలి కొనను దూదితో తుడిచి, చురుక్కుమనిపించి, ఒక్క చుక్క రక్తం తీస్తుంది. దాన్ని గాజుపలక మీద పూసి ఆస్పత్రికి పంపుతుంది, లేదా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ పట్టీలో వేసి పావుగంట ఆగి, గీత ఒకటి పడిందా రెండు పడ్డాయా అని చూస్తుంది. మీ ఇంట్లో పిల్లవాడికి ఇలా చేస్తున్నప్పుడు మీరు పక్కనే నిలబడి చూసే ఉంటారు. ఒక చుక్క రక్తంలో ఏం వెతుకుతున్నారు? అక్కడ వెతకాలని మొదట ఎవరికి తోచింది? ఆ జ్వరం దోమ కుట్టడం వల్లనే వస్తుందని ఎవరు రుజువు చేశారు? ఈ మూడు ప్రశ్నల్లో చివరిదానికి జవాబు మన తెలుగునాట, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కన బేగంపేటలో దొరికింది. దొరికినవాడు రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు. ఆయన చేతిలో ఉన్న పనిముట్టు చెమటకు మరలు తుప్పు పట్టి, కంటి దగ్గరి అద్దం బీటవారిన ఒక చిన్న సూక్ష్మదర్శిని.

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలో ఉన్న అల్మోడాలో పుట్టాడు. తండ్రి ఆంగ్లేయ సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఎనిమిదేళ్ళకే చదువుకని ఇంగ్లండుకు పంపించేశారు. పిల్లవాడి మనసంతా బొమ్మలు గీయడం మీద, పద్యాలు రాయడం మీద, సంగీతం మీద. తండ్రి మాత్రం వైద్యుడివి కావాలన్నాడు. మన ఇళ్ళలోనూ ఇప్పటికీ జరిగే కథే ఇది. తండ్రి మాట కాదనలేక 1874లో లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆస్పత్రిలో చేరాడు గాని, చదువు మీద శ్రద్ధ అంతంతమాత్రం. పరీక్షల్లో ఒకటి తప్పాడు. కొంతకాలం ఓడల మీద వైద్యుడిగా తిరిగాడు. చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం సంపాదించి మద్రాసు వచ్చాడు. వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్ళు ఆయన రోగులకన్నా కవిత్వానికీ, లెక్కలకూ, నవలలకూ ఎక్కువ సమయం ఇచ్చాడు. లోకానికి మేలు చేసినవాళ్ళంతా పుట్టుకతోనే దీక్షాపరులని మనం అనుకుంటాం. రాస్ విషయంలో ఆ మాట నిలవదు.

1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. తాను ఉంటున్న బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయి. ఎందుకా అని చూస్తే, కిటికీ బయట నీళ్ళ పీపాలో దోమపిల్లలు గిలగిలలాడుతున్నాయి. పీపా బోర్లించాడు, దోమలు తగ్గాయి. అక్కడి అధికారితో మిగతా పీపాలూ తొట్లూ కూడా ఇలాగే ఖాళీ చేయిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని రాస్‌కూ తెలియదు. దోమ అంటే నిద్ర పాడుచేసే పురుగు, అంతే.

మలేరియా అనే మాటకు ఇటాలియను భాషలో చెడ్డ గాలి అని అర్థం. బురద నేలల మీద నుంచి వచ్చే చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని వేల ఏళ్ళుగా నమ్మారు. కారణం తెలియకపోయినా మందు మాత్రం తెలుసు. పెరూ దేశపు సింకోనా చెట్టు బెరడు ఈ జ్వరానికి విరుగుడని 17వ శతాబ్దంలో యూరపుకు తెలిసింది. ఆ బెరడును దేశదేశాలకు చేర్చినవారిలో ఏసుసభ గురువులు ముందున్నారు గనుక దానికి జెసూట్ బెరడు అనే పేరే వచ్చింది. 1820లో పారిసులో ఇద్దరు శాస్త్రజ్ఞులు అందులోని మందును విడదీసి క్వినైను అన్నారు. మన తాతల కాలంలో పోస్టాఫీసుల్లో పొట్లాలు కట్టి అమ్మిన చేదు మందు అదే.

జ్వరానికి కారణమేమిటో 1880 నవంబరులో అల్జీరియాలో లవరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు చూశాడు. జ్వరపడిన సిపాయి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే, ఎర్ర కణాల మధ్య కదులుతున్న ప్రాణి ఒకటి కనబడింది. దాని ఒంట్లో నల్లని రేణువులు ఉన్నాయి. ఈ నల్లని రేణువుల సంగతి దయచేసి గుర్తుంచుకోండి, కథంతా వాటి మీదే నిలిచి ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం. లవరాన్ చెప్పినదాన్ని రాస్ నమ్మలేదు. మన దేశంలో ఎంతోమంది జ్వరపీడితుల రక్తం చూశాడు, ఆయనకు ఆ ప్రాణి కనబడలేదు. అలాంటిదేమీ లేదని వ్యాసాలు కూడా రాసేశాడు. 1894లో సెలవు మీద లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ రోగి రక్తం తీయాలో, ఎంత పలచగా పూయాలో, ఏ వెలుతురులో ఏం చూడాలో చూపించాడు. అప్పుడు కనబడింది. కళ్ళు అవే, పనిముట్టూ అలాంటిదే. చూడడం నేర్పిన మనిషి దొరకడమే తేడా. ఈ రోజుల్లో లక్షలు పోసి యంత్రాలు కొని, నడిపేవాడికి నేర్పకుండా మూల పడేసే ఆస్పత్రుల గురించి విన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

మాన్సన్ అంతకుముందే చైనాలో, బోదకాలు తెచ్చే పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని కనిపెట్టినవాడు. మలేరియా ప్రాణి కూడా దోమలోకి పోతుందేమోనని ఆయన ఊహ. అయితే దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగిన మనిషికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. సగం నిజం, సగం పొరపాటు. ఆ ఊహను వెంటబెట్టుకుని 1895లో రాస్ మళ్ళీ మన దేశానికి ఓడ ఎక్కాడు. ఆయనను వేసింది బేగంపేటలో ఉన్న మద్రాసు పదాతిదళానికి.

బేగంపేట ఆస్పత్రిలో ఆయనకు విడిగా పరిశోధనాలయం లేదు, సహాయకులుగా శాస్త్రజ్ఞులూ లేరు. ఉన్నవి ఒక బల్ల, సూక్ష్మదర్శిని, సూదులు, గాజుపలకలు, సీసాల్లో దోమలు. దోమ రెక్కలు, కాళ్ళు తీసేసి, కడుపును సూది మొనతో విడదీసి, గాజుపలక మీద పరచి, అంచు నుంచి అంచుకు అంగుళం వదలకుండా వెతకాలి. దానికి చాలా పెద్దదిగా చూపించే కటకం కావాలి. నీళ్ళలో పెట్టిన కర్ర వంగినట్టు కనబడడం మీరు చూసే ఉంటారు. ఒకదానిలో నుంచి ఇంకొకదానిలోకి పోయేటప్పుడు వెలుగు అలా వంగిపోతుంది. గాజు నుంచి గాలిలోకి పోయినా అంతే, ఎంత మంచి కటకమైనా బొమ్మ మసకబారుతుంది. అందుకని కటకానికీ గాజుపలకకూ మధ్య ఒక నూనె చుక్క వేసి ఆ గాలి అడ్డు తీసేసే పద్ధతిని 1878లో జర్మనీలోని యేనా పట్టణంలో ఆబే, జైస్ అనేవారు తయారుచేశారు. ఒకరు లెక్కలు వేసే పండితుడు, ఇంకొకరు కటకాలు చేసే కార్ఖానా యజమాని. వాళ్ళిద్దరూ కలిసి పనిచేసి ఉండకపోతే, ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో ఇన్ని రోగాల క్రిములు వైద్యుల కంట పడేవే కావు.

అంత గొప్ప అద్దాలు కూడా చల్లని దేశపు గదుల్లో కూర్చుని చేసినవి. బేగంపేట ఎండాకాలం వాటికి తెలియదు. గదిలో పంకా వేయించుకుందామంటే ఆ గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి. అందుకని రాస్ పంకా మానేశాడు. నుదుటి నుంచి, చేతుల నుంచి కారే చెమట మరల మీద పడి అవి తుప్పు పట్టాయి. కంటికి ఆనించే అద్దం ఒక్కటే మిగిలి, అదీ బీటవారింది. చిన్న ఈగలు కళ్ళ మీద, చెవుల మీద ముసిరేవి. కొత్త అద్దం కావాలంటే సముద్రం దాటి ఓడ రావలసిందే.

రెండేళ్ళు గడిచాయి. వందల దోమలు కోశాడు. ఏమీ దొరకలేదు. మధ్యలో కలరా పనికని బెంగుళూరు పంపారు. దోమలు చచ్చిన నీళ్ళు ఇష్టపడి ముందుకు వచ్చినవారి చేత తాగించి చూశాడు. దాంతో ఏమీ తేలలేదు. ఊటీ వైపు సెలవు మీద వెళ్ళి సీగూరు లోయలో తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన కోసినవి మన ఇళ్ళలో సాధారణంగా తిరిగే బూడిదరంగు దోమలు, చారల దోమలు. అవి మలేరియాను మోయవు. పనిముట్టులో లోపం లేదు, ఓపికలో లోపం లేదు, తీసుకున్న దోమే తప్పు. ఈ సంగతి మనం ఒక్క వాక్యంలో చదివేశాం. ఆయనకు అది రెండేళ్ళ జీవితం.

1897 ఆగస్టు నడిమికి ఆస్పత్రి మనిషి ఒకడు ఎక్కడినుంచో కొన్ని దోమపిల్లలను సీసాలో తెచ్చి ఇచ్చాడు. అవి పెరిగి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలయ్యాయి. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్న జాతి అది. సీసాలో పుట్టి పెరిగినవి గనుక అంతకుముందు ఎవరినీ కుట్టలేదు. ఆస్పత్రిలో హుసేన్ ఖాన్ అనే రోగి ఉన్నాడు. అతని రక్తంలో మలేరియా ప్రాణులు బాగా ఉన్నాయి. ఆగస్టు 16న అతన్ని దోమతెరలో పడుకోబెట్టి ఈ దోమలను వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా ఇస్తామని ఒప్పందం. జ్వరంతో ఉన్న మనిషి, దోమలు కుడుతుంటే కదలకుండా పడుకున్నాడు.

కుట్టిన దోమలను రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చాడు రాస్. కొన్ని వాటంతట అవే చచ్చాయి. ఆగస్టు 20 నాటికి ఒకటి రెండే మిగిలాయి. ఆ రోజు మధ్యాహ్నం, అలసిపోయిన కళ్ళతో, ఇక చాలిద్దామా అనుకునే వేళ, ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణం ఒకటి కనబడింది. దోమ కడుపులో అలాంటి కణం ఆయన ఎన్నడూ చూడలేదు. కటకం ఇంకా సరిచేసి చూశాడు. కణం లోపల నల్లని రేణువులు. లవరాన్ మనిషి రక్తంలో చూసినవే, మాన్సన్ లండనులో తనకు చూపించినవే. మలేరియా ప్రాణికి గుర్తుగా ఉండేవి. అప్పటి పరీక్షలో రంగు వేయడం కూడా లేదు. ఉన్న రంగల్లా ప్రాణి తనతో తెచ్చుకున్న ఆ నలుపే.

మర్నాడు ఆఖరి దోమను కోశాడు. అందులోనూ అవే కణాలు. అయితే ఒక్క రోజులో అవి ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి బతికి ఉన్నాయి, దోమలో పెరుగుతున్నాయి. చిన్నప్పుడు తండ్రి వద్దన్న బొమ్మల విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. చూసినదాన్ని చూసినట్టు నోటుపుస్తకంలో గీసిపెట్టాడు. వద్దన్న కవిత్వమూ ఊరుకోలేదు, ఆ సంతోషంలో పద్యాలు రాసుకున్నాడు. ఆగస్టు 20ని ఇప్పుడు లోకమంతా దోమల దినంగా జరుపుకుంటుంది.

ఇంత చేసినవాడికి పైవాళ్ళు ఇచ్చిన బహుమానం ఏమిటనుకున్నారు? నెల తిరగకుండానే రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ. అక్కడ మలేరియా రోగులే దొరకలేదు. ఉత్తరాలు రాసి, మొరపెట్టుకుని, మాన్సన్ చేత చెప్పించుకుని 1898లో కలకత్తా చేరాడు. అక్కడ మనుషులకు బదులు పిచ్చుకల మలేరియా పట్టుకున్నాడు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పెంచడంలో, పక్షులను సాకడంలో ఆయనకు కుడిభుజం. ఆ ఏడు జులైలో దోమ లాలాజల గ్రంథిలో ఆ ప్రాణులు పోగుపడి ఉండడం చూశాడు. నీళ్ళలో చచ్చిన దోమ కాదు, కుట్టిన దోమే జ్వరం ఎక్కిస్తుందని తేలిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను ఆ దోమల చేత కుట్టిస్తే వాటికి జబ్బు వచ్చింది. అదే ఏడు చివరిలో ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది. గ్రాసీతో ఆయన పెట్టుకున్న తగువు చివరిదాకా తెగలేదు. ఇటాలియనుల పనిని ఆయన తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఘనమైన పని చేసినవాడి నోరు కూడా అంత ఘనంగా ఉండాలని లేదు.

ఆ తరువాతి జీవితం లివర్‌పూల్, ఆఫ్రికా, ఈజిప్టు, మారిషస్‌ల మధ్య గడిచింది. 1902లో సూయజ్ కాలువ కంపెనీ పిలుపు మీద ఇస్మాయిలియా పట్టణానికి వెళ్ళి నీటిగుంటలు పూడ్పించే ఏర్పాటు చెబితే, కొద్ది ఏళ్ళలోనే అక్కడ మలేరియా దాదాపు కనబడకుండా పోయింది. బెంగుళూరు పీపా గుర్తుందా? అదే పని, ఈసారి పట్టణం మొత్తానికి. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జ్వరం తనంతట తానే ఆరిపోతుందని లెక్కలు కట్టి చూపించాడు. 1911లో సర్ బిరుదు వచ్చింది. డబ్బు మాత్రం నిలవలేదు. ముసలితనంలో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకోవలసి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ పనిముట్టు సంగతి. తాను పడిన బాధ మరచిపోలేదు గనుక, వేడి దేశాల్లో పనిచేసే వైద్యులకు పనికొచ్చే తేలికైన సూక్ష్మదర్శినిని చేయించడానికి రాస్ పూనుకున్నాడు. లండనులోని బేకర్ కంపెనీ ఆయన సలహాతో చేసిన చిన్న సూక్ష్మదర్శిని వైద్యుల పెట్టెల్లో ఊళ్ళు తిరిగింది. చేసేవాడు ఒక దేశంలో, చెమటోడ్చేవాడు ఇంకొక దేశంలో ఉన్నప్పుడు, మధ్యలో ఇలా ఒకడు నిలబడి ఏం కావాలో చెప్పాలి. 1901లో లీష్మన్ అనే మరో సైనిక వైద్యుడు రక్తపూతకు రంగు వేసే సులువైన పద్ధతి ఇచ్చాడు. దాంతో రాస్ గంటలతరబడి వెతికినది కాస్త శిక్షణ ఉన్నవారికి నిమిషాల్లో కనబడసాగింది. 1944లో మన దేశంలోనే జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనేవారు ఇంకా చవకైన రంగు తయారుచేశారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్లయిడ్లకు వేస్తూ వచ్చినది అదే. వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతోనే దాన్ని జెఎస్‌బి రంగు అంటారు.

1990ల మొదట్లో ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. దానిలో సూక్ష్మదర్శిని లేదు, కరెంటు అక్కరలేదు. రక్తంలో మలేరియా ప్రాణి వదిలే పదార్థం ఉంటే గీత పడుతుంది. కొండ మీద, దీపం కూడా లేని గూడెంలో, మనిషి ముందరే పావుగంటలో జవాబు వస్తుంది. రావికమతం నుంచి కొండ ఎక్కే ఆరోగ్య కార్యకర్తకు అది ఎంత మేలో ఆలోచించండి. స్లయిడు కిందికి దిగి, పరీక్ష జరిగి, జవాబు పైకి ఎక్కేలోపల ప్రమాదకరమైన రకం మలేరియా మెదడుకు ఎక్కిపోవచ్చు. అయితే పట్టీ కూడా దేవుడేమీ కాదు. కొన్నిచోట్ల ఆ పదార్థాన్ని అసలు తయారుచేయని మలేరియా ప్రాణులు పుట్టుకొచ్చాయి. వాటి ముందు చాలా రకాల పట్టీలు మోసపోతాయి. ఎండకు, తేమకు పట్టీ పాడవుతుంది కూడా. అందుకనే పట్టీలో ఒకటే గీత పడినా జ్వరం తగ్గకపోతే ఊరుకోకుండా మళ్ళీ రక్తపరీక్ష చేయించమని అడగండి. స్లయిడు చూసే మనిషీ, ఆ సూక్ష్మదర్శినీ ఇంకా అక్కరకు వచ్చేవే.

ఇలాంటి వైద్య పరికరాలను బయటి దేశాల నుంచి తెప్పించుకోవడం తగ్గించాలని మన విశాఖపట్నంలోనే 2018లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైంది. వైద్య పరికరాలు చేసే కంపెనీలు, వాటిని పరీక్షించే ప్రయోగశాలలు ఒకేచోట ఉన్నాయి. రావికమతం నుంచి అక్కడికి బస్సులో ఒక పూట ప్రయాణం. అద్దం పగిలితే సముద్రం వైపు చూడవలసిన రోజు పోయిందని సంతోషించవలసిందే. ఆ కార్ఖానాల్లో బొమ్మలు గీసే ఇంజనీర్లు ఒక్కసారి వానాకాలంలో బురద దారిన కొండ ఎక్కి, తాము చేసే వస్తువు ఎక్కడ తెరుచుకుంటుందో చూసి వస్తే ఇంకా బాగుంటుందని నా ఆశ.

హైదరాబాదు వెళ్ళినప్పుడు బేగంపేట పాత విమానాశ్రయం పక్కనున్న ఆ పాత భవనం మీరు చూడవచ్చు. దానికి రాస్ పేరే పెట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పగింతలో ఉంచారు. హుసేన్ ఖాన్ పేరు రాస్ రాసిపెట్టిన లెక్కల్లో ఉంది, దోమకు ఒక అణా చొప్పున.